అట్ట మీద మిగిలిన బోల్టు

ఏమోయ్ అల్లుడూ! చొక్కా ఇస్త్రీ నలుగుతుందేమోనని కుర్చీ అంచున అలా కూర్చున్నావేంటి, ఫొటో తీయించుకోవడానికి వచ్చినవాడిలా? ఈ ఇంటికి అల్లుడివై ఏడాది దాటింది, ఇక నిన్నెవరూ వెనక్కి పంపరులే. హాయిగా జారబడి కూర్చో.

ఇందాక ఏదో అన్నావు కదా, "మా అత్తగారు ఉత్త అమాయకురాలు, ఈ మావయ్యే అందర్నీ ఆటపట్టిస్తుంటాడు" అని? నువ్వు ఆ మాట అన్నప్పుడు మీ అత్తగారు గుమ్మంలో నిలబడి తల వంచుకుని నవ్వింది. చూశావా? చూడవు. నీ చూపంతా పళ్ళెంలోనే ఉంది. అందుకే నీకు ఈ సంగతి చెప్పాలి. వింటే రేపటి నుంచి ఆవిడ టీ ఇచ్చినా రెండుసార్లు ఆలోచించి తాగుతావు.

మీ అత్తగారు నాకు అక్క, మీ మామగారు నాకు బావ. ఇది నీకు తెలుసు. తెలియంది ఏమిటంటే, మీ మామగారికి ఊళ్ళో అట్టాయన అని ఒక పేరుంది. ఆయన ముందు ఎవరూ అనరు, వెనకాల అందరూ అంటారు, నేను మాత్రం రెండు చోట్లా అంటాను.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన ఏ యంత్రం విప్పాలన్నా ముందు ఒక పెద్ద అట్టపెట్టె చింపి నేల మీద పరుస్తాడు. దాని మీద బొగ్గుముక్కతో ఆ యంత్రం బొమ్మ గీస్తాడు. ఆ బొమ్మ మనం చూస్తే యంత్రమో, పడుకున్న గేదో చెప్పలేం. ఆయనకి మాత్రం తెలుస్తుంది. యంత్రంలో ఏ బోల్టు విప్పినా, బొమ్మలో సరిగ్గా ఆ చోట చిల్లు పొడిచి అక్కడ గుచ్చుతాడు. తిరిగి బిగించేటప్పుడు అట్ట మీంచి ఒక్కొక్కటే పీకి వాడతాడు. అట్ట ఖాళీ అయితే పని అయినట్టు. ఒక్కటి మిగిలినా సరే, ఇంజను జోలికి వెళ్ళడు. ఒకసారి ఒక వాషర్ మిగిలిందని నీళ్ళ మోటారు రెండు రోజులు ఆపేశాడు. చేను ఎండిపోతోంది, ఈయన మోటారు చుట్టూ తిరుగుతున్నాడు. తీరా చూస్తే అది వాషర్ కాదు, ఆయన చొక్కా గుండీ.

ఇక అసలు సంగతికొస్తాను. మీ పెళ్ళికి నాలుగైదేళ్ళ ముందు మాట. మొక్కజొన్న కోత అయిపోయింది. కంకులన్నీ ఒలిచే మిషన్ కోసం వాకిట్లో కుప్ప పోసి ఉన్నాయి. అంతకు ముందు ఏడాది ఇలాగే వాకిట్లో కుప్ప ఉండగా వాన కొట్టింది. సగానికి సగం బూజు పట్టింది. మీ అత్తగారు ఆ బూజు కంకుల్ని తన చేతులతోనే గోతిలో పోసి మట్టి కప్పింది. అప్పటి నుంచి ఆకాశంలో దూదిముక్కంత మబ్బు కనిపించినా ఆవిడకి అన్నం సహించేది కాదు.

ఈసారి కుప్ప ఇంకా వాకిట్లో ఉండగానే నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, రేపు పొద్దున్నే వచ్చెయ్‌రా. బేరింగ్ పోయిందని బావ మిషన్ విప్పుకుని కూర్చున్నాడు. ఒక్కడే అవస్థ పడుతున్నాడు. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

నేను పక్కనుంటే ధైర్యంగా ఉంటుందని నా పెళ్ళాం కూడా ఎప్పుడూ అనలేదు. పొంగిపోయాను. తెల్లారగానే సైకిలెక్కాను.

వెళ్ళేసరికి వాకిట్లో కుప్ప నా ఎత్తున ఉంది. దాని మీద ఒక పట్టా కప్పి ఉంది గానీ, ఎలకలు కొరికిన చిల్లుల్లోంచి కంకులు నన్ను తొంగి చూస్తున్నాయి. పడమట మబ్బు లేస్తోంది. వాకిలి అవతల రేకుల షెడ్డు. షెడ్డులో మిషను, మిషన్ పక్కన అట్ట, అట్ట పక్కన గొంతుక్కూర్చుని మా బావ. ముక్కు మీద గ్రీజు, చెవి మీద గ్రీజు. కళ్ళజోడుకి ఒక వైపు కాడ లేదు, రాగి తీగ చుట్టాడు.

అక్కా, బావా అప్పటికే గొడవపడుతున్నారు.

"ఏమండీ, రెండు రోజుల నుంచి మొత్తుకుంటున్నా. ముందు కుప్పని షెడ్డులోకి చేర్చండి. సాయంత్రానికి వాన వచ్చేలా ఉంది," అంటోంది మా అక్క.

"కుప్పని ఇక్కడికి మోయడమెందుకే? మిషన్నే వాకిట్లోకి లాగేస్తాను. కుప్ప పక్కనే పెట్టి ఒలిచేస్తాం. మోత లేదు, గీత లేదు," అన్నాడు బావ.

"ఒలవడానికి రెండు రోజులు పడుతుంది. మబ్బు రెండు రోజులు ఆగుతుందా?"

"మిషన్ తిరిగితే అదే అయిపోతుందే. బామ్మర్దీ, నువ్వు చెప్పు."

నన్నడిగితే నేనేం చెబుతాను? కుప్పని చేర్చడమంటే గంపలు మోయడం. గంపకీ నాకూ పుట్టినప్పటి నుంచీ పడదు. "బావ చెప్పిందే రైటు అక్కా. మిషన్ తిరిగితే చాలు," అన్నాను.

అక్క మా ఇద్దరి వంకా చూసింది. టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు వాదన మధ్యలో మానేసి వెళ్ళిపోయారంటే మనం గెలిచినట్టు కాదోయ్ అల్లుడూ. కొత్తగా కాపురం చేస్తున్నావు, ఈ ముక్క ఎక్కడైనా రాసి పెట్టుకో.

సరే, సాయానికి వచ్చాను కదా అని బావ పక్కన కూర్చున్నాను. సాయం చేయనిస్తే కదా!

"ఆ పద్నాలుగో నంబర్ పానా అందించు. వేరేవేం ముట్టుకోకు."

"ఇది కాదా?"

"అది పదమూడు. పెట్టెయ్. అక్కడ కాదు, ఎక్కడ తీశావో అక్కడ. అట్ట మీద చెయ్యి పెట్టకు! నీ నీడ కూడా పడనీయకు, చిల్లులు కనపడవు."

అరగంట సేపు ఇలా నీడ కూడా పడకుండా కూర్చున్నాను. చేతులు ఖాళీగా ఉంటే నాకు బుర్ర పనిచేస్తుంది. అదే నా జబ్బు. ఇంతలో కొత్త బేరింగు డీజిల్‌లో కడగడానికి బావ షెడ్డు వెనక్కి వెళ్ళాడు. షెడ్డులోనే ఓ మూల పాత డబ్బాలో ఆయన దాచుకున్న విడి బోల్టులు ఉన్నాయి. అందులోంచి అట్ట మీద ఉన్నవాటి సైజుదే ఒకటి తీశాను. అట్ట మీద, ఆ పడుకున్న గేదె బొమ్మ పొట్ట దగ్గర స్క్రూడ్రైవర్‌తో ఒక చిల్లు పొడిచి బోల్టు గుచ్చేశాను. చిల్లు కొత్తదని తెలియకుండా దాని అంచుకి కాస్త గ్రీజు కూడా పూశాను. ఏ పనైనా శుభ్రంగా చేయాలి కదా!

అనుకున్నదేమిటంటే, బావ అన్నీ బిగించాక ఒకటి మిగిలి, ఓ పావుగంట గింజుకుంటాడు. నేను పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుకుని, ఆ తర్వాత చెప్పేస్తాను. అంతే.

పది గంటలకి మిషన్ మొత్తం బిగించడం అయిపోయింది. బావ లేచి నడుం విరుచుకుని, అట్ట వంక చూసి, అలాగే ఆగిపోయాడు.

"ఇదేంటి?"

"బోల్టు బావా," అన్నాను.

"బోల్టని నాకు తెలుసురా. ఎక్కడిది?"

మిషన్ చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. కింద పడుకుని చూశాడు. డాక్టరు పొట్ట నొక్కినట్టు ప్రతి కీలు దగ్గరా వేలితో నొక్కి చూశాడు. అన్నీ నిండుగానే ఉన్నాయి. మళ్ళీ అట్ట దగ్గరికి వచ్చి చిల్లులో వేలు పెట్టి చూశాడు.

"బెల్టుకీ ఫ్యానుకీ మధ్యలో ఎక్కడో. లోపలి బోల్టు. మర్చిపోయాను," అన్నాడు మెల్లగా.

"అక్కడ ఖాళీ ఏం లేదు కదా బావా. నీ కళ్ళతో నువ్వే చూశావు."

"నా కళ్ళు తప్పు చూస్తాయేమో గానీ అట్ట తప్పు చెప్పదు."

నేను ఇంకా నవ్వు ఆపుకుంటూనే ఉన్నాను. సరిగ్గా అప్పుడే అక్క టీ పట్టుకుని వచ్చింది. అట్ట వంక చూసింది, నా వంక చూసింది.

"ఏమండీ, ఒక్క బోల్టు లేకుండా నడిపితే ఏమవుతుంది?" అంది, ఏమీ తెలియనట్టు.

"ఏమవుతుందా? ఫ్యాను ఊడి వచ్చి ఎవరి మెడకో తగులుతుంది."

"అమ్మో! అయితే మళ్ళీ విప్పండి. మొత్తం విప్పండి. తొందరేం లేదు."

తొందర లేదట! నా నవ్వు అక్కడికే ఆగిపోయింది. బావ అప్పటికే పానా అందుకున్నాడు. మొత్తం మిషన్, మళ్ళీ మొదటి నుంచి. అక్క ఆ మిగిలిన బోల్టుని తీసుకుని, "ఇది పోతే మళ్ళీ గొడవ. నా దగ్గరుంచుతాను," అని లోపలికి తీసుకెళ్ళింది.

బయటికొచ్చి చూస్తే మబ్బు సగం ఆకాశం ఎక్కింది. మా అక్క ఒక గంప తీసుకుని కుప్ప దగ్గర వంగి కంకులు నింపుతోంది. నింపి, నడుం మీద పెట్టుకుని, షెడ్డులోకి తీసుకెళ్ళి ఒక మూల పోసి వస్తోంది. ఒక్కర్తే. అంత కుప్ప.

ముందటేడు బూజు కంకుల మీద ఆవిడ మట్టి కప్పుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆట చాలు, చెప్పేద్దాం అనుకున్నాను. ముందు బావ దగ్గరికే వెళ్ళాను. ఆయన మిషన్ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

"బావా, ఆ బోల్టు గురించి ఒక మాట..."

"ఆ బోల్టు పేరెత్తకు," అన్నాయి కాళ్ళు. "నాకొక అనుమానంగా ఉంది. ఎవడైనా నా అట్ట ముట్టుకున్నాడేమో. అదే గనక నిజమైతే, ఈ ఇరవైనాలుగో నంబర్ పానాతో వాడి పళ్ళు ఒక్కొక్కటే విప్పి ఇదే అట్ట మీద గుచ్చుతాను. ఏంటి, ఏదో అంటున్నావు?"

"ఏం లేదు బావా. నీళ్ళు కావాలేమోనని."

అక్కకి చెబుదాం, ఆవిడే ఎలాగో సర్దిచెబుతుంది అనుకున్నాను. కుప్ప దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, నీకో విషయం చెప్పాలి. కోప్పడకూడదు."

"కోపానికి టైమెక్కడుందిరా? ఆ రెండో గంప పట్టుకో. మోస్తూ చెప్పు."

మోస్తూ చెప్పడం ఎంత కష్టమో మోస్తేగానీ తెలియదోయ్. ఊపిరి గంపకే సరిపోతుంది, మాటకి మిగలదు. పోసి వచ్చి నోరు తెరిచేసరికి గంప మళ్ళీ నిండి ఉంటుంది. "తర్వాత చెబుదువులే, ఇది తీసుకెళ్ళు" అంటుంది. ఆవిడ ఎంత తొందరగా నింపుతుందంటే, ఆ గంపకి అడుగు ఉందో లేదో కూడా నేను చూడలేదు.

మూడోసారి ఇంకో ఉపాయం తోచింది. అసలు ఆ బోల్టే మాయమైపోతే? బావ వెతుక్కుని వెతుక్కుని, చివరికి లేనిదాని గురించి బాధపడటం మానేస్తాడు. మంచినీళ్ళ వంకతో ఇంట్లోకి వెళ్ళాను. కిటికీలో లేదు, అలమరలో లేదు, డబ్బాల వెనకా లేదు.

"ఏం వెతుకుతున్నావురా?" వెనక మా అక్క.

"గ్లాసు."

"నీ చేతిలో ఉందిగా. ఆ బోల్టు గురించైతే బెంగపడకు. బీరువాలో పెట్టి తాళం వేశాను. మీ బావకి అది ప్రాణం కదా!"

బీరువాలో బోల్టు! ఆ ఇంట్లో బంగారం కూడా మేకుకి వేలాడేది. ఇంకేం చేస్తాను? వెళ్ళి గంపెత్తుకున్నాను.

మధ్యాహ్నం దాటేసరికి నా మెడ భుజాల్లోకి దిగిపోయింది. కంకుల పీచు చొక్కాలోకి దూరి ఒళ్ళంతా దురద. గోక్కుందామంటే రెండు చేతులూ గంప మీద. పక్క చేను ఆసామి సైకిల్ మీద వెళ్తూ నన్ను చూసి, బ్రేకు వేసి, దిగి, కంచె పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉంది. ఏం?"

"ఏం లేదు. నువ్వు గంప మోస్తుంటే భయమేసింది. మీ ఇంట్లో వాళ్ళకి కబురు పంపనా?"

"పంపు. గంప కూడా పంపు, వాళ్ళనీ మోయమను!"

ఆయన వెళ్ళిపోలేదు. ఇంకో ముగ్గుర్ని పిలిచి చూపించాడు.

ఇంతలో బావ షెడ్డులోంచి కేకేశాడు. "ఏమే! ఆ బోల్టు తీసుకురా!"

అక్క బీరువా తాళం తీసి బోల్టు తెచ్చి ఇచ్చింది. నేనూ వెనకాలే వెళ్ళాను. బావ రెండోసారి విప్పి, రెండోసారి బిగించాడు. చిన్న వాషర్ కూడా వదలకుండా అన్నీ తుడిచి, గ్రీజు పెట్టి బిగించాడు. ఆ ఒక్కటీ చేతిలో మిగిలిపోయింది. దాన్ని పట్టుకుని మిషన్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో!

"బావా, ఆ కాలు దగ్గర చిన్న కన్నం ఉంది కదా, అందులో పెట్టేద్దాం," అన్నాను.

"అది నూనె కారడానికిరా."

"అయితే ఇంకేం, నూనె కారదు కూడా."

ఆయన నవ్వలేదు. బోల్టుని అరచేతిలో పెట్టుకుని బస్తా మీద కూలబడ్డాడు. అక్క మళ్ళీ కుప్ప దగ్గరికి వెళ్ళిపోయింది. కుప్ప ఇప్పుడు నా మోకాలెత్తుకి దిగింది. ఉరుము వినిపించింది. నేనూ పరిగెత్తాను. ఈసారి ఎవరూ చెప్పలేదు అల్లుడూ, నా అంతట నేనే పరిగెత్తాను. చివరి గంపని కూడా నేనే నెత్తిన పెట్టుకుని వచ్చాను. షెడ్డు చూరు కింద కాలు పెట్టానో లేదో, వెనకాల ధబధబ వాన. వాకిలి క్షణంలో చెరువైపోయింది. కుప్ప ఉన్న చోటంతా నీళ్ళే. షెడ్డులో కంకులు మాత్రం ఒక్కటి కూడా తడవలేదు. మా అక్క ఒక కంకి తీసి చెంపకి ఆనించుకుని చూసింది. పొడిగా ఉంది. ఆవిడ మొహం అలా వెలగడం నేను ఏడాదిగా చూడలేదు.

నేను కంకుల మీదే వెల్లకిలా పడిపోయాను. పక్కన బావ గొణుగుతున్నాడు.

"ఇరవై ఏళ్ళలో అట్ట తప్పడం ఇదే మొదలు. నాకే మతి పోతోందేమో. ఇక ఈ మిషన్లన్నీ అమ్మేస్తాను. ఎవరి ప్రాణాల మీదకైనా వస్తే..."

ఇక ఉండబట్టలేకపోయాను. పళ్ళు పోతే పోయాయిలే అనుకున్నాను.

"బావా, అట్ట తప్పు కాదు. నేనే పెట్టాను. చిల్లు నాదే, బోల్టు నీ పాత డబ్బాలోది."

బావ ఇరవైనాలుగో నంబర్ పానా అందుకున్నాడు. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను. ఆ సమయంలో మా అక్క ఫక్కున నవ్వింది.

"వాడిని కొట్టకండి. వాడు చిల్లు పొడుస్తుంటే కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను."

బావ పానా కింద పడేశాడు. "చూశావా? పొద్దున్నే తెలుసా? నాతో రెండుసార్లు విప్పించి, బిగించేదాకా చూస్తూ కూర్చున్నావా?"

"చెబితే ఏం చేసేవారు? పదింటికే మిషన్ని వాకిట్లోకి లాగేవారు. ఈపాటికి మీరు, మిషను, కంకులు కలిసి తడుస్తూ ఉండేవారు. లోపలికి చేర్చండని రెండు రోజులు చెప్పాను. ఇద్దరూ కలిసి నా నోరు మూయించారుగా!"

బావ వాకిట్లో నీళ్ళ వంక చూసి, లేచి వెళ్ళి ఇంజను తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. మిషన్ ఎంత నున్నగా తిరిగిందంటే, కొన్నప్పుడు కూడా అలా తిరగలేదట. రెండుసార్లు గ్రీజు పడింది మరి!

నాకు మాత్రం మా అక్క ఒక్క మాటలో దొరికిపోయిందనుకున్నాను. లేచి కూర్చుని, గొప్పగా అడిగాను.

"అది సరే గానీ అక్కా, ఇదంతా నా పుణ్యమే కదా! నేను ఆ బోల్టు పెట్టకపోయి ఉంటే నీ కంకుల గతేమయ్యేది?"

మా అక్క నా జుట్టులోంచి కంకి పీచు ఏరుతూ అంది.

"అందుకేగా నీకు ఫోన్ చేసింది. మీ బావ ఒక్కడే అయితే పదింటికల్లా మిషన్ సిద్ధం చేసేస్తాడు. ఆ పని చెడగొట్టడానికి ఒక మనిషి కావాల్సొచ్చింది. నాకు తెలిసినవాళ్ళలో నీ అంత నమ్మకస్తుడు ఎవడున్నాడురా?"